వీధిలో చిందు: డెట్రాయిట్ నల్లవాడల పాట నగరగీతమైన చరిత్ర

1964 జూలై 31న అమెరికాలోని డెట్రాయిట్ నగరం నుంచి ఒక గ్రామఫోన్ రికార్డు విడుదలైంది. పాట పేరు 'డాన్సింగ్ ఇన్ ది స్ట్రీట్'. తెలుగులో 'వీధిలో చిందు' అనుకుందాం. పాడింది 'మార్తా అండ్ ది వాండెల్లాస్' అనే ముగ్గురు నల్లజాతి యువతుల బృందం. నిడివి మూడు నిమిషాల లోపే. ఒక్కో నగరం పేరు చెప్పి, వీధుల్లోకి వచ్చి ఆడిపాడమని జనాన్ని పిలవడం తప్ప అందులో పైకి కనిపించే విషయం మరేమీ లేదు. ఆ అక్టోబర్‌కల్లా అది అమెరికా పాటల పట్టికలో రెండో స్థానానికి ఎక్కింది. పడుచువాళ్లు కొనుక్కున్నారు, డాన్సు చేశారు. ఇట్లాంటి పాటలు ఏటా వందలు వస్తాయి, పోతాయి.

ఇది పోలేదు. డెట్రాయిట్‌కు ఎవరూ ప్రకటించని నగరగీతమై కూచుంది. ఆ నగరానికి అధికారిక ముద్ర ఒకటుంది. 1805లో ఊరు ఊరంతా కాలిపోయినప్పుడు ఒక క్రైస్తవ మతగురువు రాసిన లాటిన్ మాటలు ఆ ముద్ర మీద ఉన్నాయి: మంచి రోజుల కోసం ఆశపడుతున్నాం, ఇది బూడిదలోంచి లేస్తుంది అని వాటి అర్థం. మంచి మాటలే. కానీ లాటిన్‌లో ఆశపడే వాళ్లు కార్ల ఫ్యాక్టరీల్లో ఎవరున్నారు? జనం తమ ఊరి గురించి చెప్పుకోవలసి వచ్చినప్పుడు ఈ మూడు నిమిషాల పాటనే పట్టుకున్నారు. అది ఎట్లా జరిగిందన్నదే ఈ వ్యాసం.

దీంతో దళిత చరిత్రకేం పని అని అడిగే మిత్రులుంటారు. 1873లో జోతిబా ఫూలే 'గులాంగిరి'ని నల్లబానిసల విముక్తికి పాటుపడిన అమెరికన్లకు అంకితమిచ్చాడు. 1946లో అంబేద్కర్ నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాసి, నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి పెడుతున్న అర్జీ ప్రతిని పంపమని అడిగాడు. 1972లో బొంబాయి దళిత యువకులు 'బ్లాక్ పాంథర్' పేరునే తమ పేరుగా పెట్టుకున్నారు. 1980లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 'ఏడుతరాలు' వేసినప్పుడు కుంటా కింటే మన వాడల్లో ఇంటిమనిషి అయ్యాడు. అంటే వాళ్ల పుస్తకం వచ్చింది, రాజకీయం వచ్చింది. పాట మాత్రం అంతగా రాలేదు. వచ్చినా 'పాప్' అన్న ముద్రతో వచ్చింది గనక మనం పక్కన పెట్టేశాం. ఉద్యమ పాట ఒక గంప, సినిమా పాట ఇంకో గంప. ఇట్లా వేరుచేసి చూడటం మన విమర్శకు బాగా అలవాటైపోయింది. అమ్ముడుపోయే పాటలో చరిత్ర ఉండదనే ఈ నమ్మకం అగ్రవర్ణ పండితులు మన పాటల్ని 'బజారు పాటలు' అని ఈసడించిన నమ్మకానికి దగ్గరి చుట్టమేనని మా అనుమానం.

కనక ముందు బజారు సంగతే చూద్దాం. ఆ నగరంలో వీధి ఎవరిది?

1914లో హెన్రీ ఫోర్డ్ తన ఫ్యాక్టరీలో రోజుకు 5 డాలర్ల కూలి ప్రకటించాడు. దక్షిణాది పత్తిచేల నుంచి, కొట్టి చంపే మూకల నుంచి తప్పించుకుని నల్లవాళ్లు రైళ్లెక్కారు. 1910లో డెట్రాయిట్‌లో ఆరువేల లోపున్న నల్లజాతి జనాభా 1930 నాటికి లక్షా ఇరవై వేలయింది. పని దొరికింది. ఎక్కువగా ఇనుము కరిగించే కొలిమి షాపుల్లో, రంగులు చిమ్మే గదుల్లో, తెల్లవాళ్లు నిలబడలేని చోట్ల దొరికింది. ఇల్లు మాత్రం ఎక్కడపడితే అక్కడ దొరకలేదు. తెల్లపేటల్లో ఇళ్ల దస్తావేజుల్లోనే నల్లవాళ్లకు అమ్మరాదని షరతు రాసుకునేవారు. 1941లో నగరం ఉత్తరపు అంచున, ఎనిమిదో మైలు రోడ్డు దగ్గర, ఒక తెల్ల కాలనీ కట్టదలచిన వ్యాపారికి ప్రభుత్వ హామీతో అప్పు కావలసి వచ్చింది. పక్కనే నల్లవాళ్లున్నారు గనక హామీ ఇవ్వమన్నారు. అతను మధ్యలో సుమారు అర మైలు పొడవున ఆరడుగుల గోడ కట్టాడు. హామీ వచ్చింది. ఆ గోడ మిగిలే ఉంది, ఇప్పుడు దాని మీద బొమ్మలు వేశారు. తమిళనాడులోని ఉత్తపురంలో దళితులకు అడ్డంగా కట్టిన గోడను 2008లో కొంతమేర కూల్చినప్పుడు మన పత్రికలు ఎక్కడా లేని వింతలా రాశాయి. వింతేం కాదు. ఊరూ వాడా అనే గీత సిమెంటుతో గీసినా, కులంతో గీసినా గీతే.

నల్లవాళ్లకు మిగిలింది ఊరి తూర్పు పక్కన 'బ్లాక్ బాటమ్' అనే పేట. జనం రంగును బట్టి వచ్చిన పేరు కాదది. పూర్వం ఫ్రెంచి రైతులు అక్కడి నల్లరేగడిని చూసి పెట్టిన పేరు. దాని నడిబజారు హేస్టింగ్స్ వీధి. మంగలి షాపులు, చేపల వేపుళ్లు, చర్చిలు, సంగీతం వినిపించే సారా గదులు, రికార్డుల దుకాణాలు, అన్నీ ఆ ఒక్క వీధిలో. ఇరుకు, ఎలుకలు, అధిక అద్దెలు కూడా అక్కడే. దాన్ని స్వర్గంగా చిత్రించే రచనలు మాకు రుచించవు. మన వాడను కూడా దూరమైన తర్వాత అట్లాగే తీపిగా రాస్తున్నాం. అయితే ఆ వీధి వాళ్లది. 1943 జూన్‌లో తెల్లమూకలు, పోలీసులు కలిసి మీదపడ్డప్పుడు చనిపోయిన 34 మందిలో 25 మంది నల్లవాళ్లు. యుద్ధం ముగిశాక 'నగర పునరుద్ధరణ' వచ్చింది. మురికివాడ తొలగిస్తామని బ్లాక్ బాటమ్‌ను నేలమట్టం చేశారు. హేస్టింగ్స్ వీధి మీద కార్ల కోసం క్రైస్లర్ ఫ్రీవే పరిచారు. ఫ్యాక్టరీలో తాము చేసిన కార్లు తమ వీధి మీదుగానే తెల్ల శివార్లకు పోతుంటే నల్లవాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని పడమటి పక్కన పన్నెండో వీధికి చేరారు. మన పాట పుట్టేనాటికి పరిస్థితి ఇది. వీధిలోకి రమ్మని పిలిచిన పాట, వీధి పోగొట్టుకున్న జనం దగ్గర పుట్టింది.

పాటను తయారుచేసిన కంపెనీ మోటౌన్. 'మోటార్ టౌన్' అన్న ఊరి మారుపేరునే కుదించి పెట్టుకున్న పేరది. యజమాని బెరీ గోర్డీ కొన్నాళ్లు లింకన్-మెర్క్యురీ కార్ల లైనులో పనిచేశాడు. 1959లో కుటుంబం ఉమ్మడి పొదుపు నుంచి 800 డాలర్లు అప్పు తీసుకుని, వెస్ట్ గ్రాండ్ బులవార్డ్‌లో ఒక ఇల్లు కొని, వెనకున్న గదిని స్టూడియోగా మార్చాడు. కార్ల లైను పద్ధతినే పాటకు పెట్టాడు. ఒకరు రాస్తారు, ఒకరు బాణీ కడతారు, వాయించేవాళ్లు వేరు, పాడేవాళ్లు వేరు, చివర తనిఖీ వేరు. వాయించేవాళ్లను 'ఫంక్ బ్రదర్స్' అనేవారు. దేశం మొత్తాన్ని ఆడించిన ఆ వేళ్లకు 1971 దాకా కంపెనీ రికార్డుల మీద పేరు లేదు. డప్పు కొట్టినవాడి పేరు రాయని చరిత్ర మనకు కొత్త కాదుగానీ, అక్కడ యజమాని కూడా నల్లవాడే. నల్ల పెట్టుబడి వస్తే నల్ల కూలీకి న్యాయం దానంతటదే వస్తుందని నమ్మేవాళ్లు ఈ ఇంటి లెక్కల పుస్తకం ఒకసారి తిరగెయ్యాలి. మార్తా కూడా తర్వాత రాయల్టీల కోసం ఈ కంపెనీ మీద కోర్టుకెక్కాల్సి వచ్చింది.

గోర్డీకి తెల్ల పిల్లలు కూడా కొనే పాట కావాలి. అందుకోసం పాడే ఆడపిల్లలకు ఎట్లా నడవాలి, ఎట్లా కూచోవాలి, కారు ఎట్లా దిగాలి అని ఒక గురువమ్మను పెట్టి నేర్పించాడు. ఈ మర్యాదల శిక్షణను కొందరు నల్లజాతి విమర్శకులు తెల్లవాళ్లకు నచ్చే వేషమని తిట్టారు. తిట్టులో నిజముంది. అయితే దక్షిణాది హోటళ్లలో లోపలికి రానివ్వని రోజుల్లో బస్సుల్లో ఊరూరూ తిరిగి పాడిన పిల్లలకు ఆ నిటారు నడక వట్టి వేషమేనా? ఇస్త్రీ చొక్కా వేసుకున్నందుకు దెబ్బలు తిన్న జాతివాళ్లం మనం. ఈ విషయంలో తీర్పు చెప్పడానికి అంత తొందరపడలేం.

మార్తా రీవ్స్ 1941లో అలబామాలో పుట్టింది. పసిగుడ్డుగా ఉన్నప్పుడే కుటుంబం డెట్రాయిట్ వచ్చింది. పదకొండుమంది సంతానం. చర్చిలో పాట నేర్చుకుంది. మోటౌన్‌లో ఆమెకు మొదట దొరికింది పాట కాదు, ఆఫీసులో ఫోన్లు ఎత్తే పని. బృందానికి 'వాండెల్లాస్' పేరు కూడా వీధి నుంచే వచ్చింది. ఆమె ఇంటి దగ్గరి వాన్ డైక్ వీధి పేరు సగం, ఆమెకిష్టమైన గాయని డెల్లా రీస్ పేరు సగం. 1963 జూన్ 23న డెట్రాయిట్ ప్రధాన రహదారి వుడ్‌వర్డ్ ఎవెన్యూ మీద లక్షా పాతికవేల మంది మార్టిన్ లూథర్ కింగ్‌తో కలిసి నడిచారు. వాషింగ్టన్‌లో ఆగస్టులో చెప్పి ప్రపంచ ప్రసిద్ధమైన కలల ఉపన్యాసాన్ని కింగ్ ఆ రోజు ఇక్కడే ఒక రూపంలో చెప్పాడు. మోటౌన్ దాన్ని కూడా రికార్డు చేసి అమ్మింది. ఉద్యమమూ సరుకే గోర్డీకి. కానీ ఊరి జనం పాట కొనే దుకాణంలోనే ఉపన్యాసమూ కొన్నారన్నది గుర్తుపెట్టుకోవాలి.

'వీధిలో చిందు' రాసింది ముగ్గురు: మికీ స్టీవెన్‌సన్, మార్విన్ గే, ఐవీ జో హంటర్. దానికి మూలం స్టీవెన్‌సన్ తర్వాత చెప్పాడు. వేసవి ఎండకు తాళలేక పిల్లలు వీధి మొగలో మంటలార్పే బండికోసం పెట్టిన నీళ్ల పంపు విప్పేసి, ఎగజిమ్మే నీళ్లల్లో గంతులేయడం అతను కారులోంచి చూశాడట. ఇళ్లల్లో చల్లదనం లేదు, ఈతకొలను దగ్గర లేదు, వీధి పంపే దిక్కు. ఆ పంపు విప్పడం నేరం కూడా. అంటే పాట పుట్టుకలోనే ఒక చిన్న చట్ట ఉల్లంఘన ఉంది, నీళ్ల మీద చెయ్యివేయడం ఉంది. 1927లో మహద్ చౌదారు చెరువు నుంచి ఇటు వచ్చినవాళ్లకు ఈ దృశ్యం వేరేగా కనపడుతుంది. వీధి పంపు దగ్గర ఆడే పిల్లల్ని సరదాగా చూసి దాటిపోలేం.

రికార్డింగ్ గురించి మార్తా చెప్పుకున్న ఒక ముచ్చట ఉంది. మొదటిసారి బ్రహ్మాండంగా పాడిందట. అంతా చప్పట్లు కొట్టాక, యంత్రం నడవలేదు, మళ్లీ పాడమన్నారు. ఒళ్లుమండి రెండోసారి పాడింది. మనం వినేది ఆ ఒళ్లుమంటనే. వెనక వినిపించే బరువైన దెబ్బ కోసం హంటర్ ఇనుప సామాను నేలకేసి బాదాడని చెప్తారు. ఫ్యాక్టరీ ఊరి పాటకు ఫ్యాక్టరీ చప్పుడే తాళమైంది. మరుసటి ఏడాది ఇదే బృందాన్ని టీవీ కార్యక్రమం కోసం ఫోర్డ్ రివర్ రూజ్ ఫ్యాక్టరీలో, నడుస్తున్న కార్ల లైను మధ్య నిలబెట్టి మరో పాట పాడించారు. పాట వింటూ కూలీలు చేతులాపలేదు. ఆ దృశ్యం ఒక్కటి చూసినా డెట్రాయిట్ అర్థమవుతుంది.

ఇక పాటకు అర్థం ఎట్లా మారింది? దీనికోసం 1964 వేసవి తేదీలు చూడాలి. జూలై 2న పౌరహక్కుల చట్టం మీద సంతకమైంది. రెండు వారాలకు న్యూయార్క్‌లో ఒక పోలీసు పదిహేనేళ్ల నల్ల కుర్రాడిని కాల్చి చంపాడు, హార్లెం భగ్గుమంది. తర్వాత రోచెస్టర్. జూలై 31న పాట వచ్చింది. ఆగస్టు 4న మిసిసిపీలో, ఓటుహక్కు ప్రచారానికి వెళ్లి మాయమైన ముగ్గురు కార్యకర్తల శవాలు మట్టికట్ట కింద దొరికాయి. ఆగస్టు చివర ఫిలడెల్ఫియా. పాటలో వరసగా వచ్చే ఊళ్ల పేర్లలో న్యూయార్క్ ఉంది, ఫిలడెల్ఫియా ఉంది. రాసినవాళ్లు నల్లవాళ్లు ఎక్కువగా ఉన్న, రికార్డులు బాగా అమ్ముడుపోయే ఊళ్ల పేర్లు చేర్చారంతే. కానీ లాస్ ఏంజెలస్ పేరు కూడా ఉంది. 1965 ఆగస్టులో అక్కడ వాట్స్ పేట తగలబడింది, 34 మంది చనిపోయారు. షికాగో ఉంది. 1966 జూలైలో షికాగో పడమటి పేటలో పిల్లలు విప్పుకున్న వీధి నీళ్ల పంపును పోలీసులు వచ్చి కట్టేయడంతోనే గొడవ మొదలైంది. అవును, అదే పంపు. బాల్టిమోర్, వాషింగ్టన్ ఉన్నాయి. 1968 ఏప్రిల్‌లో కింగ్ హత్య తర్వాత రెండూ మండాయి. మోటార్ సిటీ, అంటే డెట్రాయిట్, ఉండనే ఉంది. పాటలో ముందే జాబితా రాసి పెట్టినట్టు ఒక్కో ఊరు నిజమవుతూ వచ్చింది. ఇందులో కుట్రేమీ లేదు. నల్లవాడలు ఎక్కడున్నాయో అక్కడే రికార్డులూ అమ్ముడుపోయాయి, అక్కడే పోలీసు లాఠీ కూడా ఆడింది. ఒకే పటం మీద రెండు గీతలు.

వాట్స్ తర్వాత రెండు నెలలకే, 1965 అక్టోబర్‌లో, రోలండ్ స్నెల్లింగ్స్ అనే యువకవి 'లిబరేటర్' పత్రికలో నల్లవాళ్ల ఈ సంగీతాన్ని ఆయుధమంటూ వ్యాసం రాసి ఈ పాట పేరు కూడా ఎత్తాడు. ఉద్యమకారులు దాన్ని పిలుపుగా విన్నారు. మన మాటల్లో చెప్పాలంటే చాటింపుగా విన్నారు. చాటింపు సంగతి మనకు తెలుసు. కరణం ఆజ్ఞను, శిస్తు కబురును ఊరికి చాటడానికి మాదిగ చేత డప్పు కొట్టించారు. దెబ్బ మాదిగది, కబురు దొరది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఆ డప్పునే తీసుకుని కబురు మార్చింది. డప్పు అదే, దరువూ చాలావరకు అదే. వినేవాళ్లు మారారు, కనక అర్థం మారింది. డెట్రాయిట్ పాటకూ జరిగింది అదే. సరుకు కోసం కొట్టిన దరువును జనం తమ కబురుకు వాడుకున్నారు.

1967 జూలై 23 ఆదివారం తెల్లవారుజామున పన్నెండో వీధిలో, వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికులకు విందు జరుగుతున్న లైసెన్సు లేని మద్యం గది మీద పోలీసులు దాడిచేసి ఎనభైమందికి పైగా పట్టుకెళ్లారు. బండ్లు రావడం ఆలస్యమైంది, జనం పోగయ్యారు, సీసా ఒకటి గాల్లోకి లేచింది. ఐదు రోజుల పాటు నగరం తగలబడింది. 43 మంది చనిపోయారు, వాళ్లలో 33 మంది నల్లవాళ్లు. 7,200 మందికి పైగా అరెస్టు. రెండున్నర వేలకు పైగా దుకాణాలు కాలాయి లేదా దోపిడీ అయ్యాయి. పారాచూట్ దళాలు దిగాయి. ఆ ఆదివారం మార్తా రీవ్స్ అదే నగరంలో ఫాక్స్ థియేటర్ వేదిక మీద ఉంది. పాట మధ్యలో పక్కకు పిలిచి, ఊరు అంటుకుందని చెప్పి, జనాన్ని ఇళ్లకు పంపమన్నారు. వీధుల్లోకి రమ్మని దేశాన్ని పిలిచిన గొంతే, తొక్కిసలాట జరగకుండా నిదానంగా ఇళ్లకు వెళ్లమని సొంత ఊరి పిల్లలకు చెప్పవలసి వచ్చింది.

ఆ ప్రదర్శనలోనే పాల్గొన్న 'డ్రమటిక్స్' అనే కుర్రాళ్ల బృందంలో కొందరు ఆల్జియర్స్ మోటెల్‌లో తలదాచుకున్నారు. జూలై 25 రాత్రి దాటాక పోలీసులు లోపలికి జొరబడి గోడకు నిలబెట్టి కొట్టారు. తెల్లారేసరికి కార్ల్ కూపర్, ఆబ్రీ పొలార్డ్, ఆ బృందానికి చేదోడుగా ఉన్న ఫ్రెడ్ టెంపుల్ శవాలై ఉన్నారు. ముగ్గురికీ ఇరవై ఏళ్లు నిండలేదు. కేసులు నడిచాయి, ఒక్కరికీ శిక్షపడలేదు. కారంచేడు, చుండూరు కేసుల్ని పట్టుకుని కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లకు ఈ వాక్యాన్ని వివరించనక్కర్లేదు. పత్రికలు ఆ ఐదు రోజుల్ని 'అల్లర్లు' అన్నాయి. పన్నెండో వీధి వాళ్లు 'తిరుగుబాటు' అన్నారు. పేరు ఎవరు పెడతారన్నది చిన్న విషయం కాదు. మన దగ్గరా మారణకాండను 'గ్రామ తగాదా' అని ఎఫ్ఐఆర్‌లో రాసుకోలేదా?

తర్వాత విలేఖరులు మార్తా చుట్టూ మూగి, మీ పాటే జనాన్ని రెచ్చగొట్టిందా అని అడిగారు. ఆమె ఎప్పుడు అడిగినా ఒకటే చెప్పింది: అది సంబరాల పాట, గొడవల పాట కాదు. విమర్శకుల్లో కొందరికి ఈ మాట చాలా నిరాశ కలిగించింది. గాయని భయపడిందని, కంపెనీ నోరు కట్టేసిందని రాశారు. మేము అట్లా అనుకోవడం లేదు. మరీ పట్టుబట్టి దాచిన అర్థం వెతికేవాళ్లు ఒక మామూలు సంగతి మర్చిపోతున్నారు. వీధిలో సంబరం చేసుకోవడమే నల్లవాడికి నిషిద్ధమైన చోట, సంబరాల పాటకూ తిరుగుబాటు పాటకూ మధ్య ఉండే దూరమెంత? మా వైపు ఊళ్లల్లో పెళ్లికొడుకు గుర్రమెక్కి ఊరి నడిబజారు గుండా బాజాలతో పోతే రాళ్లు పడ్డాయి. ఆ పెళ్లికొడుకు తిరుగుబాటు చేద్దామని గుర్రమెక్కాడా? పెళ్లి చేసుకుందామనే ఎక్కాడు. బాజా సంబరానిదే. రాయి దాన్ని రాజకీయం చేసింది. మార్తా చెప్పింది నిజం, పన్నెండో వీధి విన్నదీ నిజం. ఒకటి తప్పని తేలిస్తే తప్ప రెండోది నిలవదనుకోవడం పరిశోధన నేర్పే చెడ్డ అలవాట్లలో ఒకటి.

తగలబడిన తర్వాతే ఆ పాట నగరానిదైంది. తెల్లవాళ్లు శివార్లకు వలసపోయారు. 1972లో మోటౌన్ కంపెనీ కూడా మూటాముల్లె సర్దుకుని లాస్ ఏంజెలస్ వెళ్లిపోయింది. నల్ల పెట్టుబడి కూడా లాభం ఎటుంటే అటు నడుస్తుంది. 1973లో డెట్రాయిట్ మొదటిసారి నల్లజాతి మేయర్‌ను, కోల్‌మన్ యంగ్‌ను ఎన్నుకుంది. 1976లో పన్నెండో వీధికి, 1957 నుంచి ఆ ఊళ్లోనే ఉంటున్న రోజా పార్క్స్ పేరు పెట్టారు. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. 1950లో 18 లక్షలు దాటిన జనాభా 2010కి 7 లక్షల 13 వేలకు పడిపోయింది. పేరుమోసిన కంపెనీ వెళ్లిపోయింది, కార్లు వెళ్లిపోయాయి, జనం వెళ్లిపోయారు. ఉన్నవాళ్ల దగ్గర మిగిలిన ఉమ్మడి ఆస్తుల్లో పాట ఒకటి. పెళ్లిళ్లలో, వీధి పండగల్లో, బంధువుల కలయికల్లో ఊరి పేరు వచ్చే చోట గొంతు పెంచి పాడటం, దూరదేశంలో ఉన్నా ఆ చోట చెయ్యెత్తడం, ఇవే నగరగీతం లక్షణాలు. ఉత్తర్వుతో పని లేదు.

డెట్రాయిట్ పేరుతో పాటలు వేరేవి లేవా అంటే ఉన్నాయి. 1981లో జర్నీ అనే బృందం పాడిన ఒక పాటలో 'సౌత్ డెట్రాయిట్' అనే చోటు వస్తుంది. ఐస్ హాకీ మ్యాచ్‌లలో వేలమంది ఆ మాట దగ్గర అరుస్తారు. నిజానికి సౌత్ డెట్రాయిట్ అనే పేట లేదు. ఊరికి దక్షిణంగా నది, నది దాటితే కెనడా. లేని పేటకు అంత గొంతు దొరికింది, ఉన్న బ్లాక్ బాటమ్‌ను మాత్రం కూలగొట్టారు. ఆ అరుపులో తప్పేమీ లేదు గానీ, వినేటప్పుడు మాకు నవ్వొస్తుంది.

1985లో డేవిడ్ బౌవీ, మిక్ జాగర్ కలిసి 'వీధిలో చిందు'ను మళ్లీ పాడారు. ఇథియోపియా కరువు సహాయం కోసం జూలై 13న జరిగిన లైవ్ ఎయిడ్‌లో దాని చిత్రం చూపించారు. మొదట్లో దేశాల పేర్లు, ఖండాల పేర్లు కేకలేశారు. చిత్రం లండన్ రేవుల దగ్గర, ఖాళీ వీధుల్లో తీశారు. ఇద్దరు తెల్ల నటరాజులు, చుట్టూ జనమే లేరు. మంచి పనికే డబ్బు పోగుచేశారు, కాదనం. కానీ జనం లేని వీధిలో ఆ పాట ఎంత బోసిపోతుందో చూస్తే తెలుస్తుంది. అదే నెల 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని వెంటాడి చంపారు. గొడవ ఎక్కడ మొదలైంది? మాదిగలు తాగే నీళ్ల చెరువును మురికి చేయొద్దని అడిగిన దగ్గర, మున్నంగి సువార్త బిందె ఎత్తిన దగ్గర. నాలుగు రోజుల తేడాతో జరిగిన ఈ రెండింటికీ సంబంధమేమీ లేదు. అయినా పక్కపక్కన రాయకుండా ఉండలేకపోయాం.

2005లో మార్తా రీవ్స్ డెట్రాయిట్ నగర కౌన్సిల్‌కు గెలిచింది. 2006 ఫిబ్రవరిలో అమెరికా ఫుట్‌బాల్ పెద్ద పోటీ, సూపర్ బౌల్, ఆ ఊళ్లోనే జరిగింది. విరామంలో పాడటానికి నిర్వాహకులు పిలిచింది ఎవర్ని? మిక్ జాగర్ రోలింగ్ స్టోన్స్‌ను. మోటౌన్ పుట్టిన ఊళ్లో మోటౌన్‌కు చోటు లేదా అని నగరం గోలపెట్టింది. ఆట మొదలవకముందు స్టీవీ వండర్‌ను పెట్టి సర్దిచెప్పారు. ఆ రోజుల్లోనే అమెరికా జాతీయ గ్రంథాలయం కాపాడవలసిన శబ్దాల జాబితాలో 'వీధిలో చిందు'ను చేర్చింది. భద్రపరిచారు, సంతోషం. మన చిందు భాగోతాలకూ ఈ మధ్య ఇట్లాంటి సంతోషాలు దక్కుతున్నాయి: కళారూపం గాజు పెట్టెలోకి, కళాకారుడు పింఛను క్యూలోకి.

2013 జూలైలో డెట్రాయిట్ దివాలా తీసింది. దానికి ముందే రాష్ట్ర ప్రభుత్వం ఎన్నికైన మేయర్‌నూ కౌన్సిల్‌నూ పక్కనపెట్టి ఒక అత్యవసర మేనేజర్‌ను కూచోబెట్టింది. 2014లో నీటి శాఖ బకాయిల వసూలు మొదలుపెట్టింది. 150 డాలర్లు బాకీ ఉన్నా, రెండు నెలలు కట్టకపోయినా కనెక్షన్ తీసేశారు. పెద్ద బాకీలున్న వ్యాపార సంస్థల జోలికి ముందు పోకుండా ఇళ్ల మీద పడ్డారని జనం తిట్టారు. వేలాది ఇళ్లల్లో కుళాయిలు ఎండిపోయాయి. ఆ ఇళ్లల్లో అత్యధికం నల్లవాళ్లవి. కట్టలేనివాళ్లకు నీళ్లు ఆపడం మానవహక్కుల ఉల్లంఘన అని ఆ జూన్‌లో ఐక్యరాజ్యసమితి నిపుణులు ప్రకటన చేశారు. నల్లవాళ్ల అర్జీ ఐక్యరాజ్యసమితికి వెళ్లడం డుబోయిస్ కాలం నుంచీ ఉన్నదే.

జూలైలో కొందరు పాదిరులు, ముసలివాళ్లు, కార్యకర్తలు కనెక్షన్లు తీసే కాంట్రాక్టర్ ట్రక్కులు బయటికి రాకుండా గేటు ముందు వీధిలో అడ్డంగా నిలబడి అరెస్టయ్యారు. పాట వచ్చి ఆ నెలకు సరిగ్గా యాభై ఏళ్లు.